అమ్మ పొదగేసిన పదమూడు గుడ్లు

మొన్న చలికాలంలో మా చిన్నాన్న మనవరాలి పెళ్ళికని ఖరగ్‌పూర్ వెళ్ళాను. ముహూర్తానికి ఇంకా చాలా వ్యవధి ఉందంటే, కాళ్ళు వాటంతటవే ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ వైపు నడిచాయి. మేమున్న క్వార్టరు ఇంకా నిలబడే ఉంది. అందులో ఇప్పుడు ఎవరో బీహారు కుటుంబం ఉంటోంది. గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తున్న నన్ను ఇంటావిడ మొదట అనుమానంగా చూసింది. నేను పుట్టి పెరిగింది ఈ ఇంట్లోనేనని వచ్చీరాని హిందీలో చెప్పుకున్నాక లోపలికి పిలిచి టీ ఇచ్చింది. వెనక పెరడంతా సిమెంటు చేసేశారు. ఒక మోటారు సైకిలు, నీళ్ళ డ్రమ్ము, తీగ మీద పిల్లల బట్టలు. ఇక్కడ ఏముండేదని ఆవిడ అడిగింది. మా అమ్మ కోళ్ళ దొడ్డి అని చెప్పి ఊరుకున్నాను. అంతవరకే అయితే ఇంకా చాలా చెప్పేదాన్ని. కానీ ఆ దొడ్డి గురించి చెప్పడం మొదలుపెడితే నేను చేసిన పని కూడా చెప్పాలి. పెళ్ళికని వచ్చి, ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ కథంతా ఏం చెబుతాను.

మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. పొద్దున్న మొదటి సైరను కూసేసరికి మా వీధి వీధంతా బొగ్గుల పొయ్యిలు రాజేసిన పొగతో నిండిపోయి ఉండేది. ఆ పొగలోనే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కుళాయి దగ్గర తెలుగులోనూ, బెంగాలీలోనూ, రెండూ కలిపి కూడా పోట్లాడుకునేవారు. నాన్న సైకిలెక్కి మలుపు తిరిగేవరకే అమ్మ ఇంటిది. ఆ తరువాత కోళ్ళది. కిరసనాయిలు డబ్బా కోసి చేసిన తొట్టిలో తవుడూ నూకలూ కలిపి, ముందటి రోజు గంజి పోసి, చేత్తో పిసికేది. ఆ పులిసిన గంజి వాసన అమ్మ చేతులకి సాయంత్రం దాకా ఉండేది. నిమ్‌పురా రైలింజన్ల షెడ్డు నుంచి నాన్న గోనెసంచితో తెచ్చిన బొగ్గు బూడిదని జల్లెడ పట్టి ఒక గుంటలో పోసేది. కోళ్ళు అందులో పొర్లాడి పేలు వదిలించుకునేవి. నాకు పన్నెండు, పదమూడేళ్ళు వచ్చేదాకా కోడి ఈకల వాసన లేకుండా మా అమ్మని ఊహించుకోవడం నాకు చేతనయ్యేది కాదు.

మా అమ్మ సూరమ్మ పుట్టిల్లు పాలకొండ వైపు ఒక పల్లెటూరు. పెళ్ళయిన రెండో ఏడు పుట్టింటికి వెళ్ళి తిరిగొస్తూ, మా అమ్మమ్మ పెంచే డేగ కోళ్ళలో ఒక పుంజునీ రెండు పెట్టల్నీ గంపలో పెట్టుకుని రైల్లో తెచ్చుకుంది. డేగ అంటే ఒళ్ళంతా ఎర్ర ఈకలున్న కోడి. అందులోనూ మా అమ్మమ్మ కోళ్ళ ఎరుపు వేరు. తడిసిన ఇటుక రంగు, రొమ్ము మీద ఒక్క నల్ల ఈక ఉండదు. నాకు ఊహ తెలిసేసరికి ఆ మొదటి కోళ్ళ మనవలూ మునిమనవలూ మా పెరట్లో తిరుగుతున్నాయి. రంగు, ఒళ్ళు, గుడ్డు, మూడూ కలిసి రావాలని అమ్మ పట్టుదల. రంగు చూసి పెంచితే గుడ్డు చిన్నదైపోయేది. గుడ్డు చూసి పెంచితే ఒళ్ళు తేలిపోయేది. మూడూ కుదిరిన పెట్ట ఏడాదికి ఒకటి తేలితే ఆ ఏడు బాగున్నట్టు. నా చిన్నప్పటి గాజు ఒకటి కొక్కేనికి తగిలించి ఉంచేది. ఆ గాజులోంచి దూరిపోయే గుడ్డు కూరకి, దూరకుండా ఆగిపోయే గుడ్డు పొదుగుకి. ఆగిన గుడ్లని రెండేసి తీసుకుని చెవి దగ్గర మెల్లగా తట్టి వినేది. పెంకు పలచనిదైతే చప్పుడు వేరుగా ఉంటుందట. నాకెప్పుడూ తేడా తెలియలేదు. పొదుగుకి పెట్టే గుడ్డుని తడిగుడ్డతో తుడవనిచ్చేది కాదు. గుడ్డు మీద పుట్టుకతో వచ్చే పొడిలాంటి పొర పోతే లోపల పిల్ల బతకదనేది.

అమ్మకి చదువు లేదు. క్యాలెండరు చూసీ చూసీ అంకెలు మాత్రం పోల్చుకునేది. నా చేతిరాత బాగుంటుందని, గుడ్ల మీద పెన్సిలుతో అంకె వేసే పని నాది. మొదటి రోజు గుడ్డుకి ఒకటి, రెండో రోజుదానికి రెండు. ఏ గుడ్డు ఎన్నాళ్ళదో అలా తెలిసేది. పుట్టింటికి అమ్మ ఉత్తరాలు రాసేదీ, వచ్చినవి చదివి వినిపించేదీ కూడా నేనే.

ఈ సంగతి జరిగిన ఏడు ఎండలు ముందే వచ్చాయి. అమ్మ అయిదు పెట్టల్ని ఏరి, ముసలి డేగ పుంజుతో కలిపి తడికెల దొడ్డిలో వేరుగా పెట్టింది. మరో పుంజు వాటి దగ్గరకి రాకూడదు. ముఖ్యంగా పక్క క్వార్టరు అప్పలరాజు మావ పెంచే తెల్ల పుంజు. అది వయసులో ఉంది, గోడ మీద నిలబడి రోజంతా మా దొడ్డిలోకే చూసేది. దాని జాతేమిటో అప్పలరాజు మావకే తెలియదు. దానికి పుట్టే పెట్టలు మా గాజులోంచి ఇట్టే జారిపోయేంత చిన్న గుడ్లు పెడతాయని అమ్మ భయం. దొడ్డి తలుపుకి గడియ వేసి ఉందో లేదో బడికి వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి నేను చూడాలి.

ఆ రోజుల్లోనే మా బడిలో బహుమతుల పండగ జరిగింది. చేతిరాతకి నాకు మొదటి బహుమతి వచ్చింది. అమ్మ వస్తానంది. కట్టుకోవడానికి తన నీలం చీర తీసి మడత కూడా విప్పి పెట్టింది. నా పేరు పిలిచినప్పుడు నేను వేదిక మీద నిలబడి ఆడవాళ్ళ వరసలన్నీ వెతికాను. అమ్మ లేదు. ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఒక పెట్టని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. గుడ్డు అడ్డం పడింది దానికి. అమ్మ వేలికి ఆముదం రాసుకుని చాలా ఓపికగా, చాలా ముద్దుగా దానితో ఏదో మాట్లాడుతోంది. నేను బహుమతిగా ఇచ్చిన పుస్తకం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. తల ఎత్తకుండా, నీళ్ళు కాచి తెమ్మంది. తెచ్చాను. పెట్ట బతికింది. నా బహుమతి సంగతి ఆ సాయంత్రం నాన్న అడిగితే గానీ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ రేషను కోసం వెళ్ళింది. నేను పెరట్లోకి వెళ్ళి దొడ్డి గడియ తీసి, తలుపు బార్లా తెరిచి, వచ్చి వంటింటి గుమ్మంలో కూర్చున్నాను. మరిచిపోయానని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను. మరిచిపోలేదు. తెల్ల పుంజు గోడ మీంచి దూకడం చూశాను. అది పెట్టల మీదకి వెళ్తుందని తెలుసు, వెళ్ళింది. ముసలి పుంజు దాని మీద పడుతుందని మాత్రం నేను అనుకోలేదు. రెండూ కలబడ్డాయి. మా పుంజు బరువైనది, కానీ ముసలిది. అది రెండు మూడు సార్లు ఎగిరి ఆగిపోయింది. తెల్లది ఆగలేదు. నేను కర్ర తీసుకుని పరుగెత్తి దాన్ని గోడ దాటించేసరికి మా పుంజు తల ఒక వైపు రక్తంతో తడిసి ఉంది. గడియ పెట్టేశాను. రక్తం పడిన మట్టిని కాలితో కప్పేశాను. అమ్మ వీధి తలుపు తీసిన చప్పుడు కూడా వినపడలేదు.

అమ్మ పుంజుని చంకలో పెట్టుకుని, పసుపు అద్దుతూ, నా వైపు చూసింది.

"దీనికేటైనాదే? నువ్వింటికాడే ఉన్నావు కదా."

"నాకు తెల్దు. పిల్లేటైనా ఒచ్చుంటాది."

ఇంకేమీ అడగలేదు. పొదుగుకి గుడ్లు దాచడం మొదలుపెట్టి అది ఏడో రోజు. ఆ రోజు గుడ్ల మీద ఏడు వేశాను. మర్నాడు ఎనిమిది వేశాను. ఆ తరువాతి రోజు తొమ్మిది వేశాను. పుంజు మారాక ఒకటి రెండు రోజులకి గుడ్డులోని పిల్లకి తండ్రి కూడా మారిపోవచ్చునని అమ్మ నాకు ఎన్నోసార్లు చెప్పి ఉంది. ఆ రోజు నుంచి పుట్టే గుడ్డు ఏ పుంజుదో ఎవరూ చెప్పలేరు. పుంజు గింజలు ముట్టుకోవడం మానేసింది. పదో రోజుకల్లా దాని కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పదకొండో రోజు పొద్దున్న దొడ్డి మూల చచ్చి పడి ఉంది.

అదే రోజు మధ్యాహ్నం సింహాచలం మావయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. సింహాచలం మావయ్య అమ్మ తమ్ముడు, ఊళ్ళో అమ్మమ్మ దగ్గరే ఉంటాడు. కార్డు నేనే చదివి వినిపించాలి. ఊళ్ళో కోళ్ళకి తెగులు తగిలిందనీ, అమ్మమ్మ కోళ్ళలో ఒక్కటి కూడా మిగల్లేదనీ రాశాడు. డేగల్లో ఆ రకం ఇక మీ ఇంట్లోనే ఉందక్కా, పిల్లలు లేస్తే నెల పిల్లలుగా ఉన్నప్పుడు వచ్చి తీసుకెళ్తానన్నాడు. అమ్మమ్మ మంచం దిగడం లేదనీ, కోడి కూత వినపడక తెల్లారిందో లేదో తెలియడం లేదంటోందనీ చివర రాశాడు. చదవడం అవగానే కార్డు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. అమ్మమ్మ కోసం అనుకుని అమ్మ నా వీపు నిమిరింది. ఆ నిమరడం నాకు దెబ్బ కన్నా ఎక్కువ బాధ పెట్టింది. అప్పుడు చెప్పేయవలసింది. నోరు తెరిచాను కూడా. కానీ అమ్మ అప్పటికే లేచి, తవుడులో దాచిన గుడ్ల బుట్ట తీసి, పుంజు పోతే పోయింది, గుడ్లున్నాయి కదా అంది.

పొదుగుకి అమ్మ నమ్మేది ఒక నల్ల పెట్టని. అది ఇంకా రెండు మూడు రోజుల్లో కుదురుగా కూర్చుంటుంది. దాని కింద పదమూడు గుడ్లు పడతాయి. అప్పటికి బుట్టలో ఇరవై ఆరు పోగవుతాయి. ఎండాకాలం కాబట్టి పాత గుడ్లు మురిగిపోతాయి. కనుక అమ్మ తీసేది తాజా గుడ్లనే. తాజా గుడ్లంటే తెల్ల పుంజు వచ్చిన తరువాతవి. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. చెబితే అమ్మ నన్ను కొడుతుందని కాదు, అమ్మ ఎప్పుడూ నన్ను కొట్టలేదు. పుంజుని చంపింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం అమ్మ కుళాయి దగ్గర ఉండగా రబ్బరు తీసుకుని బుట్ట ముందు కూర్చున్నాను. ఒకట్లు చెరిపి ఎనిమిదులు చేశాను, రెళ్ళు చెరిపి తొమ్మిదులు. పాతవన్నీ తాజావయ్యాయి, తాజావన్నీ పాతవయ్యాయి. నా చేతిరాత అంత పొందికగా ఎప్పుడూ లేదు.

మర్నాడు నల్ల పెట్ట గంపలో కూర్చుంది. అమ్మ గుడ్లని ఒక్కొక్కటే తీసి, పగుళ్ళు ఉన్నాయేమోనని కిటికీలోంచి పడే ఎండకి ఎదురుగా పట్టి చూసింది. ఎండలో గుడ్డు ఎర్రగా వెలుగుతుంది, మొద్దు వైపున గాలి గది నీడలా కనపడుతుంది, గుడ్డు పాతబడేకొద్దీ ఆ గది పెద్దదవుతుంది. నాలుగో గుడ్డు దగ్గర అమ్మ ఆగింది. దాన్ని ఇటూ అటూ తిప్పింది. బొటనవేలితో అంకె చుట్టూ మెల్లగా రుద్ది చూసింది. తరువాత బుట్టలోంచి వేరే అంకె ఉన్న గుడ్డు తీసి దాన్ని కూడా ఎండకి పెట్టింది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. వీధిలో ముడీ అని మరమరాలు అమ్ముకునే అతను అరుచుకుంటూ పోతున్నాడు. అతని కేక దూరమై వినపడకుండా పోయాక అమ్మ అడిగింది.

"ఇయ్యేనా తాజావి?"

"ఊఁ. ఇయ్యే."

అమ్మ ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా అంకెలున్న పదమూడు గుడ్లనీ పెట్ట కింద సర్దింది. మిగిలిన పదమూడు గుడ్లతో ఆ రోజు పులుసు పెట్టింది. నా కంచంలో రెండు వేసింది. నేను తినేదాకా ఎదురుగా కూర్చుంది.

ఆ తరువాతి ఇరవై ఒక్క రోజులూ నాకు ఆ గుడ్ల మీదే ధ్యాస. బడి నుంచి రాగానే గంప దగ్గరకి పోయేదాన్ని. అమ్మ నాతో మామూలుగానే మాట్లాడేది. జడ వేసేది, పాఠం చదవమనేది. ఏడో రోజున గుడ్లు తీసి వెలుతురుకి చూసి అయిదింటిని పక్కన పెట్టింది. వాటిలో ఏమీ కట్టలేదు. పదిహేనో రోజుకి ఇంకో మూడు మురిగిపోయాయి. పక్కింటి అప్పలరాజు మావ భార్య రమణమ్మత్త వచ్చి చూసి, ఈ ఏడు నీ సెయ్యి తిరగనేదొదినా అంది. అమ్మ చేత్తో పొదగేస్తే పదమూడుకి పన్నెండు లేస్తాయని వీధిలో అందరికీ తెలుసు. నాన్న కూడా, పుంజు ముసలిదైపోయింది కదా అని సర్దిచెప్పబోయాడు. పుంజు తప్పేమీ లేదని మాత్రం అంది అమ్మ. రమణమ్మత్తకి, అలాగే ఉన్నాది మరి, అని చెప్పింది. అన్నప్పుడల్లా నేను అక్కడే ఉండేదాన్ని. అమ్మ నా వైపు చూసేది కాదు. చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో.

ఇరవై ఒకటో రోజు పొద్దున్న మూడు పిల్లలు లేచాయి. మిగిలిన రెండు గుడ్లలో పిల్లలు కట్టి కూడా పెంకు పగలగొట్టుకోలేక చచ్చిపోయాయి. లేచిన మూడూ వీపు మీద ముదురు చారలున్న ఎర్రటి పిల్లలు. తెల్లదనం ఎక్కడా లేదు. నేను ఊపిరి పీల్చుకున్నాను గానీ, అమ్మ ఆ రెండు గుడ్లని చేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. నెల తిరిగాక మావయ్య వచ్చి ఆ మూడింటినీ పాత చొక్కా చుట్టిన గంపలో తీసుకెళ్ళాడు. స్టేషనులో బండి కదిలేదాకా అమ్మ చెయ్యి గంప మీద నుంచి తియ్యలేదు.

వానలు వెనకపట్టాక మావయ్య కార్డు వచ్చింది. ఒక పిల్లని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలినవి ఒక పుంజూ ఒక పెట్టా. పుంజు కూత పట్టింది. ఇంకా సరిగ్గా రాదు, సగంలో గొంతు విరిగిపోతుంది, అయినా అమ్మమ్మ దాన్నే మంచం కోడుకి కట్టించుకుంది. పదమూడింటికి మూడే ఎందుకు లేచాయి, సూరమ్మ చేతికి ఎప్పుడూ అలా అవలేదే అని అమ్మమ్మ మళ్ళీ మళ్ళీ అడుగుతోందట. జవాబు రాయడానికి నేను కార్డూ కలమూ తీసుకుని కూర్చున్నాను. అమ్మ ఎదురుగా చేటలో నూకలు చెరుగుతోంది. క్షేమ సమాచారాలన్నీ చెప్పి రాయించింది. తరువాత చేట కింద పెట్టింది.

"అమ్మ అడిగిందానికి రాయి. నా సెయ్యి బాగానే ఉన్నాది, పెట్టా బాగానే కూకున్నాది. గుడ్లు పాతవి. పాతవెందుకు ఏసినామో నువ్వు రాయి."

అని లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

కలం సిరా కార్డు మీద చుక్కగా పడి పాకింది. అది మార్చి ఇంకో కార్డు తీసుకున్నాను. సాయంత్రం సైరను కూసేదాకా అక్కడే కూర్చున్నాను. గడియ తీసింది నేనేనని మొదట రాశాను. బహుమతుల పండగ సంగతి రాసి కొట్టేశాను, సాకు చెప్పినట్టు అనిపించింది. పుంజుల కొట్లాట రాశాను, పిల్లి అని చెప్పిన అబద్ధం రాశాను, అంకెలు మార్చింది రాశాను. చోటు చాలక అంచుల వెంబడి తిప్పి రాశాను. అమ్మ వచ్చి చదవమంది. చదివాను. ఏడుపు వల్ల రెండు చోట్ల ఆగిపోయాను. అంతా విన్నాక ఒక్క మాటే అంది.

"కార్డొచ్చిన్నాడు సెప్పుంటే ఎవరి పెట్టనైనా అడిగి తెచ్చి ఆయేలే పొదగేసుందును. ఏడెనిమిది పిల్లలు లేచును."

పుంజు గురించి అనలేదు. అబద్ధం గురించి అనలేదు. నాలుగు రోజులు ఆలస్యం చేశాను, ఆ నాలుగు రోజుల్లో నాలుగైదు పిల్లలు పోయాయి, అంతే లెక్క. ఆ కార్డు నేనే తీసుకెళ్ళి డబ్బాలో వేశాను. పైయేడు మావయ్య ఆ జంటకి పుట్టిన ఒక పడుచు పుంజుని తెచ్చి మా అయిదు పెట్టలకీ ఇచ్చాడు. అప్పటికి అమ్మమ్మ లేదు. పోయేముందు నెల రోజులు ఆమె పుంజు కూత వింటూనే లేచిందని మావయ్య చెప్పాడు. అప్పలరాజు మావతో అమ్మ ఆ తెల్ల పుంజు మాట ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు మా ఇంటికి గుడ్లు అట్ట పెట్టెల్లో వస్తాయి. అన్నీ తెల్లగా, అన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. ఏ పెట్టదో, ఏ పుంజుదో ఎవరికీ పట్టదు. నేను కూడా అడగను. అమ్మ అలాంటి గుడ్డుని మొదటిసారి చూసినప్పుడు చెవి దగ్గర తట్టుకుని విని, పళ్ళెంలో పెట్టేసింది. అప్పటికి నాన్న రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, ఇద్దరూ నా దగ్గరే ఉంటున్నారు. నేను బడిలో పంతులమ్మని. ఒక రోజు చిరాకుగా ఇంటికి వచ్చాను. మా తరగతిలో ఒక పిల్ల తోటి పిల్ల పుస్తకం చింపింది. నేను కళ్ళారా చూశాను. అయినా దాని నోటితో ఒప్పిద్దామని అయిదుసార్లు అడిగాను, అయిదుసార్లూ లేదంది. చివరికి నేనే గట్టిగా అరిచాను, పిల్ల ఏడ్చింది, ఒప్పుకోలేదు. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా విన్నది. అప్పుడు, ముప్ఫై ఏళ్ళ తరువాత, నేను అడిగాను. నాలుగో గుడ్డు దగ్గరే నీకు అంతా తెలిసిపోయింది కదా, మరి నన్ను ఎందుకు నిలదీయలేదు, అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నావు అన్నాను.

అమ్మ చేతిలోని కాయ పూర్తిచేసింది.

"పుంజుకేటైనాదని ఒకపాలి అడిగినాను, తెల్దన్నావు. మళ్ళీ నిలేస్తే మళ్ళీ అదే అందువు. రెండుపాల్లు అన్నాక ఆ మాట మీదే నిలబడిపోదువు, మరి దిగలేవు. అందుకని నువ్వు దిగేదాకా కూకున్నాను."